దడకు మందు పెళ్లి కాదు
పదో తరగతి పిల్లకు ఉన్నట్టుండి గుండెదడ, ఊపిరాడకపోవడం, చచ్చిపోతానన్న భయం. పటాన్‌చెరు బస్తీల్లో ఎవరైనా ముందు కంపెనీల పొగనే అనుమానిస్తారు. తప్పులేదు, ఉబ్బసం, రక్తహీనత, గుండెజబ్బు కాదని డాక్టరు తేల్చాల్సిందే. తేల్చాక కూడా దడ పదేపదే వస్తుంటే అది పానిక్ డిజార్డర్ కావచ్చు. ఇంట్లో నాటకమంటారు, గాలి సోకిందంటారు, బడి మాన్పిస్తారు. ‘పెళ్లయితే తగ్గుతుంది’ అన్న మాట ఆ తర్వాతది.

కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ చేసేది దీనికి పూర్తిగా తలకిందులు: ఆ దడ ప్రాణం తీయదని నేర్పుతూ, భయపడి మానేసిన బస్సునూ తరగతినీ కొద్దికొద్దిగా మళ్లీ అలవాటు చేస్తారు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ ప్రకారం పిల్లల మానసిక వైద్యం ప్రభుత్వ బాధ్యత. జిల్లాలో కనీస సేవలు లేకుంటే, ఆ జిల్లాలోనే వేరేచోట చేయించుకున్న వైద్యం ఖర్చూ ప్రభుత్వానిదే. సంగారెడ్డి కలెక్టరేట్‌లో ఈ సెక్షన్ పేరుతోనే దరఖాస్తులు పెడదాం.