తప్పెటకు పింఛను సరే... పేరేదీ?

ప్రొద్దుటూరు దసరా చూసొచ్చినవాళ్ళని అడగండి. అమ్మవారి అలంకారం చెప్తారు, లైటింగు చెప్తారు. తప్పెట కొట్టినాయన పేరు అడిగితే మాత్రం "ఎవరో పలకలోళ్ళు లే" అంటారు. జమ్మలమడుగు తిరునాళ్ళైనా, పులివెందుల పక్క పల్లెల్లో పీర్లపండగైనా అంతే. తప్పెట లేందే ఊరేగింపు కదలదు. కొట్టేవాడికి మాత్రం పేరుండదు!

అయ్యో జానపద కళలు పోతున్నాయే అని ఏడవడానికి కాదు ఈ టపా. నా గొడవ ఒక్కటే. పాట రికార్డయ్యాక పైన పాడినోళ్ళ పేరుంటుంది. తప్పెట మోగించినాయన "బృందం"లో కలిసిపోతాడు. ఎందుకు?

అమెరికాలో 1958లో 'మోనిన్' అనే జాజ్ ఆల్బమ్ రికార్డు చేశారు. వాయించింది ఐదుగురు. ఆ పేరున్న పాట కట్టింది పియానో వాయించే బాబీ టిమ్మన్స్. కానీ అట్ట మీద బొమ్మా, పేరూ డ్రమ్మర్ ఆర్ట్ బ్లేకీవి. ఎందుకంటే ఆ జట్టుకి నాయకుడు ఆయనే.

"వట్టి డ్రమ్ములు ఎంతసేపు వింటాం, తలనొప్పి!" అంటారా? అయితే ఆ పాట ఒకసారి వినండి. ముందు పియానో ఒక మాట అంటుంది, మిగతావాళ్ళు అందుకుని బదులిస్తారు. అచ్చం మన చెక్కభజన లాగే. బ్లేకీ బాదడు, నడిపిస్తాడు. నాయకత్వమంటే అదీ.

1960లో మాక్స్ రోచ్ అనే ఇంకో డ్రమ్మర్ నల్లవాళ్ళ స్వేచ్ఛ మీద 'వి ఇన్సిస్ట్!' అని ఏకంగా ఆల్బమే చేశాడు. మన దగ్గర 1994లో మొదలైన మాదిగ దండోరాకి పేరే తప్పెట నుంచి వచ్చింది. ఉద్యమాన్ని నడిపిన వాద్యం నలుగురున్న జట్టుని నడపలేదా?

ఎల్లా వెంకటేశ్వరరావు గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది, సంతోషం. మృదంగానికీ చర్మమే, తప్పెటకీ చర్మమే. ఒకటి కచేరీ ఎక్కింది, ఇంకోటి వీధిలోనే ఉండిపోయింది. కారణం తాళం కాదు, కులం. ఈ మాట నమిలి మింగొద్దు.

డప్పు కళాకారుల పింఛను 2024 జులైలో 3000 నుంచి 4000 చేశారు. మంచిదే, ఇవ్వాల్సిందే. కానీ పింఛను కడుపుకి. పనితనానికేదీ? మా సాఫ్ట్‌వేర్‌లో రెండు లైన్లు మార్చినవాడి పేరు కూడా హిస్టరీలో ఉంటుంది. రాత్రంతా ఊరిని ఆడించినవాడికి ఆపాటి లెక్క కూడా లేదా?

కడపలో ఆకాశవాణి కేంద్రం ఉంది. అదీ వద్దంటే ఒక లాప్‌టాపు, రెండు మంచి మైకులు చాలు. ఒక తప్పెట, ఒక సన్నాయి, ఒక కంజీర, ఒక జత చెక్కలు. ఎవరెప్పుడు అందుకోవాలో, ఎప్పుడు ఆగాలో తప్పెటాయనే చెప్పాలి. అట్ట మీద ముందు ఆయన పేరు, ఆయన ఊరు పడాలి. మిగతావాళ్ళ పేర్లు ఆ తర్వాత... కానీ అందరివీ పడాలి.

ఈసారి తిరునాళ్ళలో వీడియో తీసి యూట్యూబులో పెట్టేవాళ్ళకి ఒక్క మనవి. ఎక్కించేముందు ఆయన దగ్గరికెళ్ళి "అన్నా, నీ పేరేంది?" అని అడగండి. పైసా ఖర్చు లేదు.