315 డాలర్లు, అర ఎకరం

మా అక్కది ప్రొద్దుటూరు. కడప జిల్లాలోని బంగారం అంగళ్ళ ప్రొద్దుటూరు కాదండోయ్. చేవెళ్ళ వైపు, శంకర్‌పల్లి దగ్గరున్నది. మొన్న ఆదివారం వెళితే, మేనల్లుడు పొలం పాసుపుస్తకం ముందేసుకుని కూర్చున్నాడు. దుకాణాల లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ ఒకటి తయారుచేశాడు. దానికోసం సింగపూరులో కంపెనీ పెడతాడట. అర ఎకరం అమ్మాలట.

"ఖర్చెంతరా?"

"పేరుకు 15 డాలర్లు, రిజిస్ట్రేషనుకు 300. మూలధనం ఒక్క డాలరున్నా చాలు మామా!"

సింగపూరు డాలర్లే సుమండీ. మన డబ్బులో 20 వేల పైమాట. ఈ మాత్రానికి అర ఎకరమెందుకు? కళ్ళజోడు పెట్టుకుని వాడి కాగితాలు తిరగేశాను.

అసలు సంగతి రెండో పేజీలో ఉంది. విదేశీయుడు స్వయంగా దరఖాస్తు పెట్టుకోలేడు, ఏజెంటు కావాలి. డైరెక్టర్లలో ఒకరైనా అక్కడ కాపురమున్నవారై ఉండాలి. మనవాడికక్కడ ఎవరున్నారు? పేరు అరువిచ్చే పెద్దమనిషికి ఏటేటా రుసుము ఇచ్చుకోవాలి. ఆరు నెలల్లోగా సెక్రటరీని పెట్టాలి, అతడూ అక్కడివాడే. ఆపైన ఆఫీసు చిరునామా, ఏటా దాఖలు చేసే లెక్కలు. బేరం సాగినా సాగకపోయినా ఇవి ఆగవు. అమెరికాలోని డెలావేర్‌లోనూ అంతే: ఎల్.ఎల్.సి. పైసా ఆర్జించకపోయినా ఏటా 300 అమెరికా డాలర్ల పన్ను తప్పదు.

అన్నీ వింటున్న అక్క వంటింట్లోంచి వచ్చింది.

"నువ్వు చేసింది కొనెటోడు ఆడ ఒక్కడన్నా దొరికిండా బిడ్డా?"

వాడు మాట్లాడలేదు. అక్క పాసుపుస్తకం తీసుకెళ్ళి బీరువాలో పెట్టి తాళం వేసింది.