ద్రాక్షపండు ఔషధమా?

గడచిన సంవత్సరము ఆళ్లగడ్డనుండి నంద్యాలలోని మా వసతిగృహమునకు వచ్చిన యొక తల్లి, రక్తహీనుడైన తన కుమారునికై ద్రాక్షగింజల సారముతో చేసిన మాత్రల సీసాను తెచ్చెను. కూలిడబ్బులు కూడబెట్టి కొన్న సీసా యది. "దీంట్లో యాంటీఆక్సిడెంట్లు ఉండాయంట సార్, పిల్లోనికి రక్తం పడతాదంట" అని యామె చెప్పినప్పుడు, ఆ వెలకు ఎన్ని దినముల గ్రుడ్లును పాలును వచ్చియుండెడివో చెప్పుటకు మాకు నోరు రాలేదు. నాడు చెప్పలేని మాటను ఈ సంచికలో చెప్పుచున్నాము.

ద్రాక్షను మేము నిందించుట లేదు. ఎష్కోలు లోయనుండి ఇద్దరు మనుష్యులు దండెతో మోసికొని వచ్చిన ద్రాక్షగెలను ఆదివారపు బడిలో మన పిల్లలందరు ఎరుగుదురు. నల్లద్రాక్ష తొక్కలోని నీలివర్ణము, గింజలోని వగరు, ఇవియే ఆ యాంటీఆక్సిడెంట్లు. కోసిన ఆపిలుముక్క గాలి సోకి నల్లబడును. నిమ్మరసము రాచినచో చాలసేపు తెల్లగనే యుండును. దేహమందలి కణములకును ప్రాణవాయువువలన ఇట్టి చెరుపే కలుగుననియు, ఈ పదార్థములు దానిని నివారించుననియు శాస్త్రజ్ఞులు తలంచిరి. తలంపు మంచిదే, కాని పరీక్షకు నిలువవలెను గదా! ఫిన్లండు దేశమున పొగత్రాగు పురుషులు 29,133 మందిని చేర్చుకొని, వారిలో కొందరికి బీటాకెరోటిన్ అను యాంటీఆక్సిడెంటు మాత్రల నిచ్చి చూచిరి. మాత్రలు మ్రింగినవారిలో ఊపిరితిత్తుల కాన్సరు తగ్గకపోగా, నూటికి 18 వంతులు హెచ్చెనని 1994లో వెల్లడియయ్యెను. ద్రాక్షలో నుండు రెస్వెరట్రాల్ అను పదార్థము ఆయువును పెంచునని లోకమంతట చాటిరి. ఇటలీలో ద్రాక్షతోటలకు పేరుబడిన కియాంటి సీమయందు 783 మంది వృద్ధులను తొమ్మిదేండ్లు పరిశీలించి, ఆ పదార్థము దేహమున అధికముగా నున్నవారు ఇతరులకంటె ఎక్కువకాలము బ్రతుకలేదని 2014లో ప్రకటించిరి.

ఇక ఆ బాలుని సంగతి. వానికి కొరవడినది ఇనుము. ద్రాక్షగింజలలోని వగరు, టీలోని వగరువలెనే, భోజనములోని యినుమును దేహము గ్రహింపకుండ అడ్డుపడు జాతికి చెందినది! తల్లి తెచ్చిన మందు మేలు చేయకపోగా, అన్నములోని కొద్దిపాటి యినుమునుకూడ వానికి దక్కనీయకుండ చేయవచ్చును. వానికి ముందుగా కావలసినవి రక్తపరీక్ష, నులిపురుగుల మందు, వైద్యుడు చెప్పినచో సర్కారు ఆసుపత్రిలో ఉచితముగా నిచ్చు ఐరన్ మాత్రలు. ఇంటిలో సంగటి, తోటకూరపప్పు, వీలైనప్పుడు కోడికార్జము. ఆకుకూరలోని యినుము దేహమునకు పట్టుటకు సి విటమిను తోడుపడును. నూరు గ్రాముల ద్రాక్షలో అది ఇంచుమించు 3 మిల్లీగ్రాములే. అంతే తూకపు జామపండులో 200కు పైగా నుండును. జామచెట్టు మన పెరటిలోనిదే గనుక దానికి గౌరవము లేదు కాబోలు.

నంద్యాలనుండి ఆళ్లగడ్డకు పోవు బస్సులో ఎడమవైపున కూర్చున్నవారికి నల్లమల కొండలు కనబడుచుండును. బడులు తెరచు జూన్ మాసమున ఆ యడవుల నేరేడు పండును. పిల్లల నాలుకలను ఊదారంగు చేయు ఆ వర్ణద్రవ్యము నల్లద్రాక్షలోని దాని జాతిదే. కనుక వర్ణమునకై ద్రాక్షను కొనలేనివారు చింతింపనక్కరలేదు. అయితే ఇచ్చటను ఒక పొరపాటు కలదు. నేరేడుగింజల పొడిని నమ్మి మధుమేహపు మందులను మానినవారిని మేమెరుగుదుము. సీసాలోని ద్రాక్షకు చెప్పినదే పొట్లములోని నేరేడుకును చెప్పవలసియున్నది.

ద్రాక్షలు కొనగలవారు నిశ్చింతగా కొనుడు. చక్కగా కడిగి తినుడు. నూరు గ్రాములలో సుమారు 16 గ్రాముల చక్కెర కలదు గనుక మధుమేహము గలవారు మితముగా తినవలెను. ఇంటిలో అయిదేండ్లలోపు తమ్ముడో చెల్లెలో ఉన్నచో పండును నిలువుగా చీల్చి పెట్టుడు. గుండ్రని పండు గొంతులో అడ్డుపడి ఊపిరాడకుండ చేయగలదు.