గడులు గీసింది మనమే

ఎన్నికల నెలలో కృష్ణా జిల్లా పామర్రు సెంటర్లో టీ తాగిన వాళ్లందరికీ ఆ కాగితం తెలుసు. ఎడమ పక్కన పోలింగ్ బూతు నంబర్లు, పైన వరసగా కమ్మ, కాపు, గౌడ, యాదవ, మాల, మాదిగ. గడికో అంకె, కింద కూడిక. పోలింగుకు ముందే మెజారిటీ తేలిపోతుంది. 1931 తర్వాత జనగణన ఎస్సీ, ఎస్టీలను తప్ప కులాలను విడివిడిగా లెక్కగట్టి ప్రకటించలేదు. మనకది అడ్డం కాలేదు. మాస్టార్లం, విలేకరులం, వ్యాపారులం, పొలాలున్న పెద్దలం, అందరం కలిసి ఏ ఇంటి ఓట్లు ఎటో వేళ్ల మీద చెప్పేశాం.

ఆ లెక్క ఎంత నిలబడిందో చూడండి. నియోజకవర్గాల పునర్విభజనతో పామర్రు ఎస్సీ రిజర్వుడు స్థానమైంది. 2009లో కాంగ్రెస్ తరఫున డి.వై. దాస్ గెలిచారు. 2014లో వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి ఉప్పులేటి కల్పన వెయ్యి పైచిలుకు ఓట్లతో గట్టెక్కారు. ఆమె తెలుగుదేశంలో చేరి 2019లో నిలబడితే, వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి కైలే అనిల్ కుమార్ చేతిలో 30 వేల పైచిలుకు తేడాతో ఓడిపోయారు. 2024లో అదే అనిల్ కుమార్‌ను తెలుగుదేశం అభ్యర్థి వర్ల కుమార్ రాజా దాదాపు 30 వేల తేడాతో ఓడించారు. ఆ ఐదేళ్లలో ఎవరి కులమూ మారలేదు, పేటలు ఉన్నచోటే ఉన్నాయి. ఓటే మారింది. ఎన్టీఆర్ పుట్టిన నిమ్మకూరు మన మండలంలోదే. అయినా ఆయన పెట్టిన పార్టీకి ఈ సీటు దక్కడం 2024లోనే మొదలు. పునర్విభజనకు ముందు ఈ వైపే ఉన్న నిడుమోలు రిజర్వుడు స్థానంలో సీపీఎం నుంచి పాటూరు రామయ్య గెలిచిన రోజుల్లోనూ ఉన్నవి ఇవే కులాలు.

లెక్క తప్పినందుకు కాదు మనం సిగ్గుపడాల్సింది. ఆ లెక్కతో చేసిన పనికి. ఓటు రహస్యమే గానీ, ఫారం 20లో బూతులవారీగా ఓట్లు బయటికొస్తాయి. ఊరికో బూతు, పేటకో బూతు ఉన్నచోట పేట ఎటు వేసిందో దాచలేరు. ‘ఆ బూతు మనది కాదులే’ అనే మాట అక్కడే పుడుతుంది. అది అన్నది నాయకులే కాదు, మనమూ. ఆ మాట తర్వాత సిమెంటు రోడ్డు ఏ మలుపు దగ్గర ఆగిపోతుందో తెలిసీ నోరు విప్పలేదు. ఓటుకు డబ్బు పేటవాళ్లే అడుగుతారని చెప్పుకున్నాం. మేడ మెట్లెక్కి వచ్చిన కవరు ఊసెత్తలేదు.

ఎమ్మెల్యే ఎస్సీ అయి ఉండాలని చట్టం చెప్పింది. ‘రిజర్వుడు సీటే కదా, ఎవరైతేనేం’ అని తేలిగ్గా తీసేసి, పెత్తనం మాత్రం పొలాలున్న ఇళ్లలోనే అట్టే పెట్టుకున్నాం. టిక్కెట్టు తెచ్చుకున్న మనిషి ముందుగా ఎవరి గుమ్మం తొక్కాలో కూడా మనమే చెప్పాం.

ఆ కాగితంలో కౌలు రైతుకు గడి లేదు. డెల్టాలో నాగలి పట్టేది చాలావరకు అతనే. 2019లో వచ్చిన చట్టం ప్రకారం పంట సాగుదారు హక్కు కార్డు కావాలంటే భూయజమాని సంతకం ఉండాలి. కార్డు లేకపోతే బ్యాంకు అప్పు పుట్టడం, పంట మునిగితే పరిహారం చేతికి రావడం కష్టం. హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న పిల్లల పేర పొలం ఉంచి, సంతకం పెడితే భూమి చేజారుతుందేమోనని ‘తర్వాత చూద్దాంలే’ అంటూ వచ్చింది మనమే. ఆ రైతు కడుపుమంటతో ఓటు మార్చుకున్నా, మనం దాన్ని కులం ఖాతాలోనే రాసుకున్నాం. అతన్ని ఫలానా కులం ఓటుగా తప్ప మన చేను పండిస్తున్న మనిషిగా ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు.

ఈ తప్పు పార్టీల మీదికి నెట్టేస్తే పోయేది కాదు. వాళ్లకు అంకెలు అందించింది మనం. మన పొలం చేస్తున్న రైతు కార్డు కోసం గుమ్మంలోకి వస్తే, ఈసారైనా కూర్చోబెట్టి సంతకం పెడదాం. ఆ ఒక్క పనీ చేయకుండా ఎవరి ఓటు ఎటో చెప్పే అర్హత మనలో ఎవరికీ లేదు.