పుట్టపర్తి రన్‌వే, ఆషాఢం గాలి

ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ మంత్రిగారికి,

విమానం నుంచి దూకడం నేర్చుకోవాలంటే మా అనంతపురం యువత హర్యానాలోని నార్నౌల్ లాంటి దూరపు చోట్లు వెతుక్కోవాల్సి వస్తోంది. ఇంటి దగ్గర పుట్టపర్తిలో సత్యసాయి ట్రస్టు కట్టించిన రన్‌వే 1990 నుంచీ ఉంది, రెండు కిలోమీటర్లకు పైగా పొడవు. మబ్బు తక్కువ, బయలు ఎక్కువ. శిక్షణ కేంద్రం ఇక్కడే పెట్టండి. కానీ గాలిని చూశాకే పెట్టండి.

మా ప్రాంతంలోని రామగిరి గుట్టల మీద గాలిమరలు ఊరికే వెలవలేదు. ఆషాఢంలో మనిషిని నిలవనీయని గాలి అది. నేల మీద గాలి గంటకు సుమారు 22 కిలోమీటర్లు దాటితే కొత్తవాళ్లు దూకకూడదంటుంది అమెరికా పారాచూట్ సంఘం. మధ్యాహ్నం కాలిన నేల నుంచి లేచే సుడిగాలులు మరీ ప్రమాదం. చలికాలపు ఉదయాలే మనకు అనువు. దిగే చోటు మరలకూ కరెంటు తీగలకూ దూరంగా ఉండాలి.

శిక్షకుడి ఒంటికి కట్టుకుని ఒక్కసారి దూకడం వినోదం. మొదటి లైసెన్సుకే ఆ సంఘం 25 సార్లు దూకమంటుంది. మాకు కావలసింది ఆ చదువు. శిక్షకుల అర్హతలు, పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అనుమతి, రిజర్వ్ పారాచూట్‌ను చివరిగా మడిచిన తేదీ గేటు దగ్గరే తెలుగులో రాయించండి. అన్నిటికన్నా ముందు, ఏడాది పొడవునా అక్కడి గాలిని కొలిపించండి.