రైతు వార్ధక్యానికి హామీ ఎవరిది?

కార్మిక రాజ్య బీమా పథకం 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీ నగరాలలో ఒకేసారి ఆరంభమైంది. ఆ ఏడాదే ఉద్యోగుల భవిష్య నిధి చట్టమూ అమలులోకి వచ్చింది. ఢిల్లీ మిల్లు కార్మికునికి జబ్బు చేస్తే వైద్యం, పని విరమిస్తే కొంత సొమ్ము దక్కే ఏర్పాటు అలా కుదిరింది. మిల్లుకు పత్తి పండించి పంపిన రైతుకు అందులో చోటు లేదు. జీతాల పుస్తకం ఉన్నచోటనే కదా ప్రతి నెలా కోత విధించగలిగేది!

స్వాతంత్ర్యం పొందిన ఆఫ్రికా దేశాలూ తొలుత ఇదే బాట పట్టాయి. నైజీరియా 1961లోను, ఘనా, కెన్యా 1965లోను భవిష్య నిధులు నెలకొల్పినా, అవి వేతన జీవులకే పరిమితమయ్యాయి. పొలం దున్నేవారు బయటనే ఉండిపోయారు. దక్షిణాఫ్రికా కథ వేరు. అక్కడ 1928 నాటి వృద్ధాప్య పింఛను చట్టం నల్లజాతివారిని మినహాయించింది; 1944లో తక్కువ మొత్తంతో చేర్చుకుంది; 1993లో అందరికీ సమానం చేసింది. అది చందాతో గాక పన్నుల రాబడితో నడిచేది గనుక, ఏనాడూ జీతమెరుగని పల్లెటూరి అవ్వకు కూడా అందింది. ఆ సొమ్ము అవ్వ చేతికి చేరిన ఇళ్ళలో మనుమరాళ్ళ ఎదుగుదల మెరుగుపడిందని పరిశోధకులు గుర్తించారు.

మన దేశంలో కేంద్ర ప్రభుత్వం 1995 ఆగస్టు 15న జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం ప్రారంభించి, 65 ఏళ్ళు దాటిన నిరాధారులకు నెలకు 75 రూపాయలు ఇచ్చింది. తరువాత అది 200 అయింది; 2011లో అర్హత వయస్సు 60కి తగ్గింది; 80 ఏళ్ళు నిండినవారికి 500 నిర్ణయించారు. అరవై నుంచి ఎనభై లోపువారికి మాత్రం కేంద్రం వాటా నేటికీ ఆ 200 దగ్గరే నిలిచిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధులకు 2024 జూలై నుంచి 4,000 అందుతున్నదంటే ఆ భారం దాదాపు రాష్ట్రానిదే. ధరలు పెరిగినప్పుడల్లా పెరగని పింఛను ఏటేటా కోసిన పింఛనే.

2015లో వచ్చిన అటల్ పింఛను యోజనకూ ఈ లోపమున్నది. పద్దెనిమిదేళ్ళ యువకుడు నెలకు 210 రూపాయలు కడితే అరవయ్యో ఏట నుంచి నెలకు 5,000 హామీ. నలభయ్యో ఏట చేరితే 1,454 కట్టాలి. ఆ 5,000కు 42 ఏళ్ళ తరువాత ఎంత బియ్యం వస్తుందో ఎవరూ హామీ ఇవ్వరు. హర్యానా ప్రభుత్వం 2007లో, సేకరించిన భూమికి పరిహారంతోపాటు ఎకరాకు ఏటా 15,000 చొప్పున 33 ఏళ్ళు, ప్రతి ఏటా 500 పెంచుతూ చెల్లించే పద్ధతి పెట్టింది. ఏటేటా పెంపు అసాధ్యం కాదనడానికి ఇంతకన్న దగ్గరి ఉదాహరణ అక్కరలేదు.

అయినా, పథకం లోపమున్నదని చేరకుండా ఉండడం నష్టమే. చేరినవారిలో అత్యధికులు వెయ్యి రూపాయల శ్రేణినే ఎంచుకున్నారు. లక్ష్యాల తొందరలో బ్యాంకు సిబ్బంది వారికి పై శ్రేణుల సంగతి వివరించారా అన్నది నా సందేహం. ఎరువుల డీలర్లకూ ఒక మాట: ఇద్దరు కుర్రవాళ్ళతో నడిచే దుకాణానికి భవిష్య నిధి చట్టం వర్తించదు. ఆ కుర్రవాళ్ళు మాత్రం ఈ పథకంలో చేరవచ్చు. ఆదాయపు పన్ను చెల్లించేవారికి 2022 అక్టోబరు 1 నుంచి ప్రవేశం లేదు.

రుణఖాతా పునరుద్ధరణకు వచ్చే రైతు సోదరులు, ఇంట్లో నలభై లోపువారుంటే, ఆరు నెలలకొకసారి చందా కట్టే వీలును అడిగి తెలుసుకోవాలి. పంట చేతికొచ్చే నెలకు దానిని జత చేసుకుంటే ఖాతాలో నిల్వ లేక వాయిదా తప్పే బెడద చాలావరకు తగ్గుతుంది.