బాండు కాగితం, నాన్న ఇల్లు

2025 మే 14న విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు తీర్పు వెలువడినప్పటి నుండి మన యువతలో ఒక మాట పాకింది: బాండు మీద సంతకం పెడితే ఇక కోర్టు కూడా కాపాడదు అని. ఉస్మానియా క్యాంపస్‌లో చదువు ముగించి, తార్నాక హాస్టల్ గదిలో మొదటి నియామక పత్రం చదువుకుంటున్న పిల్లలకు ఇది చిన్న భయం కాదు. అయితే తీర్పు చెప్పినది అంత మాత్రమే కాదు.

కేసు సంగతి ఇది. ఆ బ్యాంకు 2007లో ఒక అధికారిని సీనియర్ మేనేజరుగా తీసుకుంది. మూడేళ్లలోపు మానేస్తే రెండు లక్షల రూపాయలు చెల్లించాలన్నది షరతు. ఆయన 2009లో రాజీనామా చేసి మరో బ్యాంకులో చేరారు. నిరసన తెలుపుతూనే ఆ సొమ్ము కట్టి, కోర్టుకు వెళ్లారు. కర్ణాటక హైకోర్టు ఆయన వైపు నిలిచింది. అప్పీలులో సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్ని తిరగవేసింది. ఈ షరతు ఉద్యోగంలో ఉన్న కాలానికే వర్తిస్తుంది, మానేసిన తరువాత మరోచోట పనిచేయకుండా ఆపడం లేదు కాబట్టి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్‌కు విరుద్ధం కాదన్నది. ప్రభుత్వరంగ బ్యాంకు ప్రకటన ఇచ్చి, పోటీ నడిపి నియామకం చేయాలి, అధికారి మధ్యలో వెళ్లిపోతే ఆ ఖర్చంతా మళ్లీ మొదటికి వస్తుంది అన్నది. అంత పెద్ద హోదాకు, జీతానికి రెండు లక్షలు మోయలేని భారం కాదనీ అన్నది.

అదే తీర్పులో మన పిల్లలు వినని సంగతి ఒకటుంది. యజమాని ముందే అచ్చువేసి ఇచ్చే ఒప్పందంలో ఇరువైపులా సమాన బలం ఉండదు. అందులోని ఆంక్ష చట్టవిరుద్ధం కాదని రుజువు చేసుకోవలసిన భారం యజమానిదే. నెలకు పదిహేను, ఇరవై వేల జీతగాడి చేత లక్షల బాండు రాయించుకున్నవారికి ఈ తీర్పు ఆయుధం కాదని మా అభిప్రాయం. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం రాసిన మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే. ఇప్పించేది సహేతుకమైన పరిహారమే. ఇక ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టి తాళం వేసుకునే అలవాటు కొన్ని ప్రైవేటు బడుల్లో, ఆసుపత్రుల్లో ఉంది. క్రీస్తు పేరున నడిచే సంస్థల్లో అది ఉండకూడదని కోరడం అత్యాశా?

బలం లేనివారి సంతకం గురించి సుప్రీంకోర్టు గట్టిగా మాట్లాడిన సంవత్సరం 1986. మూడు నెలల నోటీసుతో, కారణం చెప్పకుండా శాశ్వత ఉద్యోగిని తొలగించే నిబంధన చెల్లదని బ్రజోనాథ్ గంగూలీ కేసులో ఆ ఏప్రిల్‌లో తీర్పు చెప్పింది. అంతకు ముందే, ఫిబ్రవరి 24న, మేరీ రాయ్ కేసులో కేరళ క్రైస్తవ స్త్రీకి తండ్రి ఆస్తిలో సమాన వాటా ఖాయం చేసింది. అంతవరకు తిరువాన్కూరు క్రైస్తవ చట్టం కింద కూతురికి దక్కేది కొడుకు వాటాలో నాలుగో వంతు, లేదా ఐదు వేల రూపాయలు. రెండింటిలో ఏది తక్కువైతే అది!

ఆ చట్టం మనది కాదు. తెలుగు క్రైస్తవులకు 1925 నాటి భారత వారసత్వ చట్టమే వర్తిస్తుంది. వీలునామా రాయకుండా తండ్రి మరణిస్తే తల్లికి మూడో వంతు, మిగిలిన రెండు వంతులు కొడుకులకు, కూతుళ్లకు సమానంగా. మోషే ఎదుట నిలబడి వాటా అడిగిన సెలోపెహాదు కుమార్తెల కన్నా మన ఆడపిల్లలకు చట్టం ఎక్కువే ఇచ్చింది, వారికి అన్నదమ్ములు లేరు గనుక. అయినా మౌలాలిలో రైల్వే ఉద్యోగం చేసి రిటైరైన పెద్దాయన నూట యాభై గజాల్లో కట్టుకున్న ఇల్లు "మగపిల్లలదే" అనే మాట మన ఇళ్లలో ఎంత సులువుగా వస్తుంది! పెళ్లికి ఖర్చుపెట్టాం కదా అంటూ, తండ్రి ఉండగానే కూతురి చేత హక్కు వదులుకుంటున్నట్టు కాగితం రాయించేవారూ ఉన్నారు. ఇంకా రాని వారసత్వాన్ని అలా వదులుకుంటే చెల్లదని సుప్రీంకోర్టు 2023 జనవరిలో ఒక తమిళనాడు కేసులో మరోసారి చెప్పింది. అయితే దానికి బదులు సొమ్ము పుచ్చుకుని, మిగతావారు నమ్మి నడుచుకునేలా చేసి ఉంటే, తరువాత వాటా అడగడానికి అది అడ్డు రావచ్చు. కాబట్టి చెల్లని కాగితమే కదా అని చెల్లెమ్మలు తేలికగా సంతకం పెట్టవద్దు.

బ్యాంకు ఖాతాలో నామినీగా పేరున్నంత మాత్రాన ఆ డబ్బు అతనిది కాదు. తీసుకుని వారసులందరికీ పంచాలి. 2010లోనే ఇది తేలిపోయింది. పెద్ద కొడుకులు ఈ సంగతి తెలిసీ తెలియనట్టు ఉంటారు.

తండ్రి తన స్వార్జితాన్ని వీలునామాతో ఎవరికైనా రాయవచ్చు, కూతురికి ఏమీ ఇవ్వకపోవచ్చు కూడా. అది చట్టం ఇచ్చిన స్వేచ్ఛ. కానీ క్రైస్తవుల వీలునామాకు ప్రత్యేకంగా రెండు చిక్కులున్నాయి. ఆస్తి పొందే వ్యక్తి గాని, అతని భార్య గాని సాక్షి సంతకం చేస్తే, వీలునామా నిలుస్తుంది, అతనికి రాసిన భాగం మాత్రం పోతుంది. రాసిన వ్యక్తి తరువాత వివాహం చేసుకుంటే వీలునామా మొత్తం రద్దవుతుంది. భార్య పోయాక మళ్లీ పెళ్లాడిన పెద్దవారు పాత వీలునామాను బీరువాలో దాచుకుని నిశ్చింతగా ఉండకూడదు. కొత్తది రాసి, వాటా లేని ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేయాలి.